అజ్దర్ నోట్లో చెప్పిన మాట

చీకటి పడ్డాక మా ఊరి అజ్దర్ నోటి ముందు నుంచి పేరు చెప్పకుండా ఎవరూ నడవరు. నడిచినవాళ్ళు అసలే లేరా అంటే, ఉన్నారు... తర్వాత వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు, అంతే.

నవ్వకండి. నవ్వినవాళ్ళని చాలామందిని చూశాను నేను. అందరూ పగటిపూటే నవ్వుతారు.

ఉన్ని బేరగాడు ఒకడు ఉండేవాడట, మా అమ్మ చిన్నప్పుడు. "రాయికి పేరు చెప్పుకోవడమేంటి, నాకేం పిచ్చా?" అని టీకొట్లో పెద్దగా నవ్వి, గాడిదనెక్కి, రాత్రికి రాత్రే బయల్దేరాడు. తెల్లారి గాడిద ఒక్కటే తిరిగొచ్చింది. దాన్ని మళ్ళీ ఆ దారిన నడిపించడం ఎవరి వల్లా కాలేదట.

అజ్దర్ అంటే, బయటివాళ్ళు డ్రాగన్ అంటారే, అదే. మా ఊరు అజ్దర్‌సాయ్‌కి పైన ఎర్రరాతి గుట్ట ఒకటి — వెన్నుపూసలన్నీ పైకి లేచి, తోక వాగులోకి దించి, తల దారి మీదికి చాచి పడుకుని ఉంటుంది. తల కింద గుహ. వంగితే తప్ప మనిషి పట్టడు. మేం తాగే ఊటనీళ్ళు దాని లోపల్నుంచే వస్తాయి. బస్సు రోడ్డు నుంచి ఊళ్ళోకి రావాలన్నా, ఊళ్ళోంచి ఖుర్మానీ పళ్ళ తోటలకి పోవాలన్నా ఆ నోటి ముందు నుంచే. ఇంకో దారి లేదు.

మిగతా ఊళ్ళవాళ్ళు తమ అజ్దర్‌ని ఫలానా వీరుడు నరికాడు, ఫలానా పీరు కర్రతో కొట్టి రాయి చేశాడు అని గొప్పలు పోతుంటారు. మావాళ్ళకి అంత సీను లేదు. మా తాతముత్తాతలకి కత్తి పట్టడం రాదు గానీ బేరమాడటం బ్రహ్మాండంగా వచ్చు. అజ్దర్ వాగుకి అడ్డంగా పడుకుని నీళ్ళన్నీ తాగేస్తూ, దారిన పోయేవాళ్ళని మింగేస్తుంటే, వెళ్ళి దాని ఎదురుగా చాప పరుచుకుని కూర్చున్నారట.

"చూడు బాబా... నీకు ఆకలి, మాకు దాహం. నీళ్ళు మాకొదులు. మా మనుషుల్ని ముట్టుకోకు. బయటివాళ్ళంటావా, నీ ఇష్టం."

"మీ మనుషులెవరో నాకెలా తెలుస్తుంది?" అందట అది.

"మేం చెప్తాం" అన్నారట.

అప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాం. "బాబా, నేను మస్తూరాని. వడ్రంగి యూసుఫ్ కూతుర్ని." అంతే. అది వింటుంది, మనం దాటుతాం. అజ్దర్ రాయైపోయిందంటారు గానీ, నోరు మాత్రం మూసుకోలేదు చూడండి. వినడానికే తెరిచి ఉంచుకుంది.

మా రొట్టెల మీద అచ్చు అజ్దర్. మా దుప్పట్ల అంచు మీద కుట్టు అజ్దర్. బడిపిల్లల ఫుట్‌బాల్ జట్టు పేరు అజ్దర్, ఎప్పుడూ ఓడిపోతుంది, అది వేరే సంగతి. పక్క ఊరివాళ్ళు మమ్మల్ని "అజ్దర్ ఎంగిలి తాగేవాళ్ళు" అని ఎగతాళి చేస్తారు. మావాళ్ళు ఆ మాటకి మీసం తిప్పుతారు. మరి ఊరంటే ఏదో ఒకటి ఉండాలి కదా చెప్పుకోవడానికి!

కమ్యూనిస్టు పార్టీ ఏలిన కాలంలో జిల్లా నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఇదంతా మూఢనమ్మకమని ఉపన్యాసం దంచి, గుహ ముందు బోర్డు కూడా పెట్టించాడు. ఆ రాత్రి విందులో ఆలస్యమైంది. చీకట్లో తిరిగి వెళ్తూ, కారు ఆపించి, అద్దం దించి, గొంతు తగ్గించి — పేరు, తండ్రి పేరు, ఆఫీసు, హోదా అన్నీ చెప్పుకున్నాడని డ్రైవర్ చెప్పాడు మాకు. బోర్డుని మా మేకలు ఒళ్ళు రుద్దుకుని పడగొట్టేశాయి.

సరే... అసలు సంగతికొస్తా.

పుట్టిన పిల్లల పేరు తండ్రి చెప్తాడు అజ్దర్‌కి. మరి కోడళ్ళు? బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళని అది ఎలా గుర్తుపట్టాలి? అందుకని పెళ్ళి సాయంత్రం అత్త కోడల్ని నోటి దగ్గరికి తీసుకెళ్తుంది. కోడలు ముసుగేసుకుని బయట నిలబడుతుంది. మేమందరం డప్పు ఆపేసి దూరంగా ఆగిపోతాం. అత్త ఒక్కతే వంగి, తల లోపల పెట్టి, కోడలి పేరు చెప్తుంది. "ఇవాళ్టి నుంచి మా మనిషి" అంటుంది. రొట్టె విరిచి సగం నీళ్ళలో వదిలి, సగం కోడలి నోట్లో పెడుతుంది. అప్పుడు డప్పు మళ్ళీ మోగుతుంది.

లోపల తల పెట్టి అత్త ఏం చెప్పిందో... ఆమెకి తెలుసు, అజ్దర్‌కి తెలుసు. మూడో చెవిన పడకూడదు. అది కట్టుబాటు.

సనవ్‌బర్ కొంప ముంచింది ఆ కట్టుబాటే.

సనవ్‌బర్‌ది మా అత్తగారింటి గోడ పక్క ఇల్లు. నాకంటే చాలా పెద్దది, నన్ను చెల్లెల్లా చూసేది. మనసు వెన్న, నోరు మాత్రం కారం. ఒక్కడే కొడుకు, సఫర్. కనుమ దాటి ఖుజంద్ పట్నానికి లారీ తోలేవాడు. వాడికి తన తమ్ముడి కూతుర్ని చేసుకోవాలని సనవ్‌బర్‌కి ఎప్పట్నుంచో ఆశ. ఆ పిల్ల పేరు చెప్పి పరుపులు కుట్టించింది, దుప్పట్లకి అజ్దర్ అంచు తనే కూర్చుని కుట్టింది. వీడేమో ఖుజంద్‌లో బునఫ్షా అనే పిల్లని చూసి మనసు పారేసుకుని వచ్చాడు.

"ఆ పల్లపు పిల్లా? దానికి మన కొండ ఎక్కడానికే ఊపిరి చాలదురా!" అంది సనవ్‌బర్.

"నేను ఎత్తుకుని ఎక్కిస్తాలే" అన్నాడు వీడు.

ఇంక ఏం మాట్లాడుతుంది? పెళ్ళి చేసింది.

ఆ సాయంత్రం నేనూ ఉన్నాను. కొత్తగా కాపరానికొచ్చిన దాన్ని, డప్పు నా చేతిలోనే ఉంది. సనవ్‌బర్ వంగింది... తల లోపల పెట్టింది... మామూలుగా పట్టేదానికంటే తొందరగానే తీసేసింది. రొట్టె విరుస్తుంటే ఆమె చెయ్యి వణికింది. ఆనందంతో అనుకున్నాం. నేను డప్పు వాయించాను.

కొన్నాళ్ళ తర్వాత, ఒక మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని ఏడుస్తూ చెప్పింది నాకు.

"పేరు నాలుక మీద దాకా వచ్చింది మస్తూరా. అప్పుడే వెనక నా మేనకోడలి నవ్వు వినపడింది. ఏడవాల్సిన పిల్ల, నా పరువు కోసం పెళ్ళికొచ్చి, అందరితో పాటు నవ్వుతోంది... నా కడుపు మండిపోయింది. 'ఇది మా మనిషి కాదు' అనేశాను."

"అజ్దర్ నోట్లోనా!" అన్నాను.

"అజ్దర్ నోట్లోనే. అంత మాట అన్నాక కూడా బయటికొచ్చి దాని నోట్లో రొట్టె పెట్టాను చూడు. ఆ పిల్ల నా వేలు కూడా ముద్దు పెట్టుకుంది."

ఇది చెప్పే వేళకి జరగాల్సింది చాలా జరిగిపోయింది. బునఫ్షాకి మొదటి కడుపు మల్బరీ పళ్ళు రాలే రోజుల్లో పోయింది. రెండోది మంచు పడ్డాక పోయింది. డాక్టరమ్మ రక్తం పలచన అంది. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళు పడలేదన్నారు. సనవ్‌బర్ మాత్రం నోరు విప్పలేదు. అన్నం ముందు కూర్చుని, లేచిపోయేది.

కోడల్ని ఊటనీళ్ళకి వెళ్ళనిచ్చేది కాదు. "బిందె ఇటివ్వు, నేను తెస్తా" అని లాక్కుని తనే మోసుకొచ్చేది. చీకటి పడితే గడప దాటనిచ్చేది కాదు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మా అత్త కూడా "అత్తంటే అదీ, అదృష్టం ఉండాలి" అని నా వంక చూసి అనేది, తను నన్ను అంత బాగా చూడట్లేదని తనే ఒప్పేసుకుంటూ! ప్రేమ అనుకున్నాం అందరం. ప్రేమ కాదు, భయం.

తర్వాత తర్వాత ప్రేమే అయింది, అదీ పాపం. సనవ్‌బర్‌కి టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే, ఆ పల్లపు పిల్లే జావ కాచి తాగించింది, తల దువ్వింది, కాళ్ళు పట్టింది. "అది నా కాళ్ళు పడుతుంటే నా అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఉండేదే" అంది నాతో.

"మరి వెళ్ళి సరిదిద్దుకో! తప్పు చెప్పాను బాబా, అది మా మనిషే అని చెప్పు. నోరు లేదా నీకు?"

"పగలు వెళ్తే నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళుంటారు, ఎలా చెప్పను? చీకటి పడ్డాక వెళ్దామంటే... ఒకసారి అబద్ధం చెప్పినదాన్ని. ఇప్పుడు వెళ్ళి నా పేరు చెప్తే, అది మాత్రం నమ్ముతుందా?"

టీ పోసిచ్చాను.

మూడోసారి బునఫ్షా నెల తప్పింది. కడుపు నిలబడింది, నెలలు నిండుతున్నాయి. సనవ్‌బర్ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని తిరిగేది. సఫర్ లారీతో ఖుజంద్ వైపున ఉండగానే కనుమ మీద ముందుగా మంచు పడింది. అప్పట్లో కొండ కింద సొరంగం లేదు. దారి తెరిచేదాకా అక్కడివాడు అక్కడే.

సరిగ్గా అప్పుడే బునఫ్షా అడిగింది. "అత్తా, జిల్లా ఆస్పత్రి దాకా బస్సుంది. అక్కడ మా పిన్ని ఉంది. కాన్పుకి అక్కడికి వెళ్తాను."

"వెళ్ళకూడదు."

"ఎందుకు?"

బస్సు సాయంత్రం చీకట్లో వస్తుంది. బస్సెక్కాలంటే అజ్దర్ నోటి ముందు నుంచి నడవాలి. ఇదెలా చెప్తుంది?

"ఎందుకంటే ఎందుకే! నేను వద్దన్నాను, అంతే!" అని అరిచింది. గోడ ఇవతల నాకే వినపడింది.

ఆ పిల్లకి ఎలా ఉంటుంది చెప్పండి! నీళ్ళకి వెళ్ళకూడదు, వీధిలోకి వెళ్ళకూడదు, పుట్టింటివాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. ఈ ఇంట్లోనే రెండు కడుపులు పోయాయి. మూడోది కూడా ఇక్కడే పోవాలా? ఆ సాయంత్రం అత్త ఆవుకి గడ్డి వేయడానికి పెరట్లోకి వెళ్ళగానే, మూట కట్టుకుని గడప దాటింది.

కాసేపటికి వడగళ్ళు మొదలయ్యాయి. మా రేకుల మీద ఎవరో రాళ్ళు పోస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడులోనే తలుపు బాదారు. తీస్తే సనవ్‌బర్... తల మీద ముసుగు లేదు, చేతిలో లాంతరు.

"లేదే. బునఫ్షా లేదే..."

మా ఆయన లేచి బూట్లు వెతుక్కునేలోపే ఆమె వీధి మలుపు తిరిగేసింది.

ఇక్కడి నుంచి నేను చూడలేదు. సనవ్‌బర్ చెప్పగా విన్నది.

వడగళ్ళు సన్నగిల్లాయట. గాలి మాత్రం ఆగలేదు. గుట్ట కిందికి రాగానే లాంతరు ఆరిపోయింది. చీకటి... ఎంత చీకటంటే, నోరు ఎక్కడుందో కూడా కనపడదు. నీళ్ళ చప్పుడు పట్టుకుని నడిచింది. కాలికి ఏదో తగిలింది. వంగి తడిమి చూసింది.

జోడు. ఒక్కటే. బునఫ్షాది.

దాన్ని గుండెలకి అదుముకుంది.

పేరు చెప్పాలి కదా... "బాబా, నేను సనవ్‌బర్‌ని—" అని ఆగిపోయింది. లోపల ఏదో ఊపిరి పీలుస్తోంది.

గాలి కాదు. గాలి బయట వీస్తోంది. ఇది లోపల... ఆగి ఆగి... ఎవరో ఊపిరి బిగబట్టి, బిగబట్టలేక వదిలినట్టు.

మోకాళ్ళ మీద నీళ్ళలోనే కూలబడింది.

"బాబా... తినేశావా దాన్ని? తినకు బాబా. తప్పు చెప్పాను. పెళ్ళి రోజున 'ఇది మా మనిషి కాదు' అన్నది నేనే. కడుపుమంటతో అన్నాను. రెండు పసికందుల్ని తీసుకున్నావు, అవి నా పాపానికి పోయాయి, దాని పాపానికి కాదు. అది మా మనిషే. బునఫ్షా... మా మనిషే. నా కూతురు. కావాలంటే నా పేరు తీసెయ్. నన్ను మింగు. దాన్నొదిలెయ్..."

నీళ్ళ చప్పుడు. గాలి.

అప్పుడు లోపల్నుంచి... మెల్లగా... మాట.

"ఊరుకో అమ్మా. అయిపోయింది."

ఆ మరుక్షణమే చీకట్లోంచి ఏదో దూసుకొచ్చి సనవ్‌బర్ మీద పడింది. వెచ్చగా ఉంది. వణుకుతోంది. పొట్ట ఎత్తుగా ఉంది.

బునఫ్షా!

వడగళ్ళకి బస్సు దాకా పోలేక ఆ నోట్లోకి దూరి తలదాచుకుంది పిల్ల. అంతా వింది. విని, అత్తని 'అమ్మా' అంది. ఇద్దరూ ఆ నీళ్ళలోనే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారట. మా ఆయన లాంతరు పట్టుకుని వెళ్ళేసరికి ఇంకా అలాగే ఉన్నారు.

దారి తెరుచుకోకముందే మగపిల్లాడు పుట్టాడు. దిలోవర్. గుండ్రాయిలా ఉన్నాడు. సనవ్‌బర్‌కి ఇంక లోకం లేదు. ఎవరు గడప తొక్కినా సలాం కూడా చెప్పకుండా "వాడు తిన్నాడా?" అనే ముందు. బడి నుంచి పంతులు వచ్చినా అదే, చావు కబురు చెప్పడానికి వచ్చినా అదే. ఊళ్ళో పిల్లలు ఆమె కనపడగానే "తిన్నాడు, తిన్నాడు!" అని అరుచుకుంటూ పరిగెత్తేవాళ్ళు.

ఇంకో మాట కూడా చెప్పేది. మొదట నాకొక్కదానికే, ముసలిదయ్యాక సిగ్గు వదిలేసి ఊరందరికీ. "నేనింత పాపిష్టిదాన్ని కదా, ఆ చీకట్లో నన్ను అమ్మా అంది. అత్తా అనలేదు. అమ్మా అంది." చెప్పినప్పుడల్లా ఏడ్చేది. కోడలి ఒళ్ళో తల పెట్టుకునే పోయింది, మొన్నటి ఏడాది. దిలోవర్ అప్పటికి గడ్డం గీసుకునే మగాడు. అయినా చివరి దాకా "వాడు తిన్నాడా?" అంటూనే ఉంది.

అలా అది మా ఊరి కథైపోయింది. అజ్దర్ పలికిందని అత్త హడలిపోయిందట, తీరా చూస్తే పలికింది కోడలట! చెప్పి నవ్వుతాం, చెప్పి ఏడుస్తాం. ఊళ్ళో నాకంటే బాగా ఎవరూ చెప్పరు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజమే అది.

మొన్న కొత్త సంవత్సరం పండగ నవ్రూజ్ ముందు రాత్రి కూడా నేనే చెప్పాను.

ఆ రాత్రి గోధుమ మొలకల సుమనక్ వండుతాం. పెద్ద కాగు, తెల్లవార్లూ కలుపుతూనే ఉండాలి, గరిట ఆగిందా అడుగంటుతుంది. ఆడవాళ్ళమే. వంతులవారీగా కలుపుతాం, పాడతాం, ఒకళ్ళ గుట్టు ఒకళ్ళం లాగుతాం. ఈసారి కాగు బునఫ్షా వాళ్ళ పెరట్లోనే పెట్టాం. మర్నాడే దిలోవర్ పెళ్ళి. పిల్ల పేరు లోలా, వేరే లోయ పిల్ల. అంటే, మర్నాటి సాయంత్రం అజ్దర్ నోట్లో తల పెట్టాల్సింది బునఫ్షా.

"జాగ్రత్తమ్మోయ్ అత్తగారూ! నోట్లో తల పెట్టి ఏం చెప్తావో ఏమో" అని ఎవరో అన్నారు. ఇంకేం, నాకు తాళం అందించినట్టైంది. మొత్తం కథ లాగించాను. లాంతరు ఆరిపోయే చోట గొంతు తగ్గించాను. 'ఊరుకో అమ్మా' దగ్గర కుర్రపిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. కోడలు దూసుకొచ్చే చోట అందరూ కెవ్వుమని, తర్వాత పగలబడి నవ్వారు.

గరిట బునఫ్షా చేతిలో ఉంది. అది ఆగిపోయింది.

"ఏయ్, కలపవే! అడుగంటుతుంది" అన్నాను.

"మస్తూరక్కా..." అంది. మంట వెలుగులో ముఖం పాలిపోయి ఉంది. "అది నేననలేదు."

"ఏది?"

"ఊరుకో అమ్మా అన్నది. నేను కాదు."

నవ్వుతున్నవాళ్ళు నవ్వుతూనే ఆగిపోయారు.

"నేను లోపలే ఉన్నాను. అంతా విన్నాను. నా పిల్లలు ఆవిడ నోటి మాటకి పోయారని ఆవిడ నోటితోనే విన్నాను. క్షమించడమా? ముసుగు నోట్లో కుక్కుకున్నాను, అరుపు బయటికి రాకుండా. పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. అప్పుడు నా వెనకాల... నీళ్ళు పుట్టే చోట నుంచి... వచ్చింది ఆ మాట. నా గొంతే అక్కా. అచ్చం నా గొంతే. కానీ నా నోట్లో గుడ్డ ఉంది."

ఎవరో మెల్లగా బిస్మిల్లా అన్నారు.

"నేను పరిగెత్తుకొచ్చి ఆవిడ మీద పడ్డానంటారు. ఎందుకు పడనూ? వెనక అదుంది. ముందు ఆవిడ దారికి అడ్డంగా ఉంది. అంతే."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అన్నాను.

"ఆవిడ మొహం చూశారుగా మీరు. అమ్మా అన్నావు, ఇంకోసారి అనవే అని అడిగేది నన్ను. ఏటా అడిగేది. పోయే రోజు కూడా అడిగింది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అదే అన్నట్టు తీసుకునేది."

"అంత కోపమా ఇంకా?"

"కోపం ఎప్పుడో పోయిందక్కా. దిలోవర్ నడిచే నాటికే పోయింది." బునఫ్షా కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. "కోపం పోయాక కూడా అనలేదు. ఏముంది, ఒక్క మాట. నా ఒళ్ళో తల పెట్టుకుని అడిగింది. నాలుక తిరగలేదు. అది ఎవరో అన్న మాట, నేను అన్నట్టు మోసుకుని తిరిగాను. ఆవిడ చేసింది తప్పని ఊరంతా చెప్పుకుంటారు. నేను చేసింది ఎవరికీ తెలియదు. రేపు నేను తల పెట్టేది ఆ నోట్లోనే. దానికి తెలుసు."

మాడు వాసన వచ్చింది. ఒక్కళ్ళూ లేవలేదు. చివరికి నేనే గరిట లాక్కుని కలిపాను. ఈ యేడు సుమనక్ కొంచెం చేదుగానే వచ్చింది, ఎందుకో ఎవరూ అడగలేదు.

మర్నాటి సాయంత్రం పెళ్ళి ఊరేగింపు గుట్ట కిందికి చేరేసరికి వెలుగు పోతోంది. డప్పు ఆగింది. లోలా ముసుగేసుకుని నిలబడింది. అందరూ వెనక్కి తగ్గారు. నేను మాత్రం తగ్గలేదు. మోకాళ్ళ నొప్పని చెప్పి, నోటి పక్కన రాయి మీద కూర్చుండిపోయాను. మూడో చెవి ఉండకూడదు, తెలుసు. దేవుడు క్షమించాలి, ఉండబట్టలేకపోయాను.

బునఫ్షా వంగింది. తల లోపల పెట్టింది.

"లోలా. ఇవాళ్టి నుంచి మా మనిషి" అంది. స్పష్టంగా, గట్టిగా. నా ఊపిరి కిందికి దిగింది.

తల తీయలేదు.

వెనక జనం కదులుతున్నారు. ఇంకా తీయలేదు. నీళ్ళ చప్పుడు... ఆ చప్పుడు మధ్యలో, చిన్నపిల్ల గొంతులా సన్నగా —

"అమ్మా" అంది.

లోపల్నుంచి ఏమీ వినపడలేదు. ఒట్టు, నాకు నీళ్ళ చప్పుడే వినపడింది. చెవి రిక్కించి విన్నాను, ఇంకేమీ లేదు.

కానీ బునఫ్షా "ఊఁ" అంది.

కాసేపాగి మళ్ళీ "ఊఁ" అంది, తల ఆడిస్తూ. తర్వాత ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో, మామూలుగా, ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడినట్టు అంది —

"తిన్నాడు. పొద్దున్నే తిన్నాడు."

బునఫ్షా బయటికొచ్చి రొట్టె విరిచింది, సగం నీళ్ళలో వదిలింది, సగం లోలా నోట్లో పెట్టింది. చెయ్యి వణకలేదు. డప్పు మోగింది.

విందు ముగిసి తిరిగొచ్చేసరికి బాగా చీకటి పడింది. నోటి ముందు ఆగి నా పేరు చెప్పాను. మా నాన్న పేరు చెప్పాను. అందరూ ముందుకెళ్ళిపోయారు, నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. తర్వాత గొంతు బాగా తగ్గించి, ఎప్పుడో పోయిన మా అత్త పేరు చెప్పి పిలిచాను.